నాదానికి ఊపిరి

జొన్నాడ చెంత గౌతమీ గోదావరి తొందర లేక సాగుతుంది. గాయకుని శ్వాస కూడ అట్టి నిండు ప్రవాహమై ఉండాలని పెద్దలంటారు.

ఈ కోనసీమలోని శంకరగుప్తంలోనే 1930లో మంగళంపల్లి బాలమురళీకృష్ణ జన్మించారు. తండ్రి పట్టాభిరామయ్య వేణువిద్వాంసుడు. ఎనిమిదేళ్ల ప్రాయంలోనే విజయవాడలో కచేరీ చేసి ఆ బాలుడు రసికుల మన్ననలందుకున్నాడు. అయితే, వేదిక ఎక్కగానే గొంతు ఎండి, చేతులు వణికి, వచ్చిన కీర్తననే మరచిపోయే విద్యార్థులెందరో ఉన్నారు. విద్య ఉండీ వారు తడబడటానికి ఒక ముఖ్య కారణం, భయం వల్ల బిగుసుకుపోయిన శ్వాస.

పదమూడవ శతాబ్దికి చెందిన శార్ఙ్గదేవుడు 'సంగీతరత్నాకరం'లో 'నాద' శబ్దాన్ని వివరిస్తూ, నకారం ప్రాణవాయువుకూ, దకారం అగ్నికీ సంకేతాలన్నాడు. ప్రాణమే బిగుసుకుంటే నాదం ఎట్లా పలుకుతుంది?

భయపడినవాడు భుజాలెగురవేస్తూ పైపైన ఊపిరి తీస్తాడు. అందువల్ల మెడ కండరాలు బిగుస్తాయి, స్వరం సన్నగిల్లుతుంది. నిండుగా గాలి పీల్చినప్పుడు ఉదరవితానం కిందికి దిగి, పొట్ట ముందుకు వస్తుంది. దీర్ఘంగా గాలి విడిచినప్పుడు గుండె వేగం తగ్గి, మనస్సు కుదుటపడుతుంది.

సాధన సులభమే. వెన్ను నిటారుగా ఉంచి కూర్చోవాలి. భుజాలను చెవులవైపు ఎత్తి, ఒక్కసారిగా వదలివేయాలి. పొట్టపై అరచేయి ఉంచి, నాలుగు సెకన్లు ముక్కుతో గాలి పీల్చి, ఆరు సెకన్లు మెల్లగా విడవాలి. ఈ లెక్కన నిమిషానికి ఆరు శ్వాసలే అవుతాయి. సాధారణంగా విశ్రాంతిలో ఉన్న మనిషి నిమిషానికి పన్నెండు నుండి ఇరవై సార్లు శ్వాసిస్తాడు. ఐదు నిమిషాల తరువాత పెదవులు మూసి, మంద్రంగా షడ్జాన్ని తుమ్మెద ఝంకారంవలె పలకాలి. సన్నాయి, వేణువు వాయించేవారు ఆ పిమ్మటే వాద్యాన్ని అందుకోవాలి.

ఊపిరిని బలవంతంగా బిగబట్టరాదు. తల తిరిగితే వెంటనే ఆపాలి. ఉబ్బసం ఉన్నవారు వైద్యుని సలహా పొందాలి.

కచేరీనాడు మాత్రమే చేస్తే ఫలితం స్వల్పం. నిత్యం చేసినవానికి వేదికపై భయం కలిగినా, దానిని దాటే మార్గం తెలిసి ఉంటుంది. తన ఊపిరిని తాను మెల్లగా విడువగలవాడే పాటను నిలుపగలడు.

అర్థాలు
చెంత = దగ్గర
ప్రాయం = వయస్సు
ఉదరవితానం = ఛాతీకీ, పొట్టకూ నడుమనున్న కండరపు పొర
మంద్రం = తగ్గు స్థాయి

ప్రశ్నలు
1. 'నాద' శబ్దాన్ని శార్ఙ్గదేవుడు ఎట్లా వివరించాడు?
2. భయానికీ, శ్వాసకూ గల సంబంధాన్ని వివరించండి.