తోమా ఒప్పుకోలు

పాఠము: యోహాను 20:24–31

పునరుత్థాన దినపు సాయంకాలమున ప్రభువు శిష్యులకు కనబడినప్పుడు తోమా అక్కడ లేడు. తోటివారి సాక్ష్యము అతనికి చాలలేదు. గాయములను చూచి ముట్టిననే గాని నమ్మననెను. ఎనిమిది దినములైన తరువాత ప్రభువు మరల వచ్చి, అతడు కోరిన గురుతులనే అతని ముందుంచెను. అప్పుడు తోమా ఆయనను తన ప్రభువనియు తన దేవుడనియు ఒప్పుకొనెను. ఇందులో మనము రెండు సంగతులు గమనింపవలెను.

మొదటిది, యేసు ఆ మాటను వారింపలేదు. కొర్నేలీ తన పాదములమీద పడినప్పుడు పేతురు, తానును నరుడనేనని చెప్పి అతనిని లేవనెత్తెను (అపొ. కా. 10:25, 26). యోహాను నమస్కరింపబోగా దేవదూత వలదనెను (ప్రకటన 22:8, 9). దేవుని దాసులు నిరాకరించిన ఘనతను యేసు అంగీకరించెను. ఆయన దేవుడు కానియెడల అది దైవదూషణయే యగును. కాబట్టి ఆయనను మంచి బోధకుడని మాత్రము చెప్పి మనము ఊరకుండజాలము.

రెండవది, తోమా ‘నా’ అనెను. సంఘముతో కలిసి విశ్వాస ప్రమాణమును పలుకుట మంచిదే. తలిదండ్రుల భక్తి గొప్ప స్వాస్థ్యమే. అయినను అవి మన సొంత ఒప్పుకోలునకు బదులు కానేరవు. మనము ఆ గాయములను చూడలేదు. చూడక నమ్మువారిని ప్రభువు ధన్యులనెను. మనము నమ్ముటకే యోహాను ఈ సంగతులు వ్రాసెను. సందేహమున్నయెడల దాచక, తోమావలె దానిని ప్రభువు సన్నిధికి తెచ్చెదము. అక్కడ మనమును ‘నా దేవుడు’ అని చెప్పగలుగుదుము.