అప్‌డేట్ అయ్యాక కంప్యూటర్ లేవకపోతే

చెల్లెళ్లారా, పోయిన వారం మన ల్యాబ్‌లో మూడో కంప్యూటర్ అప్‌డేట్ అయ్యాక లేవలేదు. నీలం తెర వచ్చి మళ్ళీ మొదటికే పోతోంది. అవ్వలు పాడిన మన భాష పాటలు 40, తెలుగు అక్షరాల్లో మేము టైపు చేసినవి, అందులోనే ఉన్నాయి. నాకు ఏడుపొచ్చింది. "ఫైళ్ళు లోపలే ఉంటాయమ్మా, లేచే దారే చెడింది" అన్నారు మేడం.

విండోస్ గుర్తు కనపడగానే పవర్ బటన్ 10 సెకన్లు నొక్కిపట్టి ఆపాలి. అట్లా రెండు మూడుసార్లు చేస్తే బాగుచేసే తెర అదే వస్తుంది. అందులో ట్రబుల్‌షూట్ నొక్కాలి. అక్కడ పైనే 'రీసెట్' ఉంటుంది. నేను దాన్నే నొక్కబోయాను! మేడం చెయ్యి పట్టుకున్నారు. అందులో 'అన్నీ తీసెయ్' అంటే పాటలు కూడా పోయేవే. దాని కింద అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్ నొక్కితే కొత్తగా వేసింది పోతుంది. మాది దానితోనే లేచింది.

అప్పుడూ లేవకపోతే స్టార్టప్ సెట్టింగ్స్‌లో రీస్టార్ట్ చేసి 4 నొక్కాలి. అది సేఫ్ మోడ్, తప్పనిసరి ప్రోగ్రాములతోనే లేస్తుంది. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అప్‌డేట్ వల్ల సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు పడిపోయి విమానాలు కూడా ఆగాయి. అప్పుడు చాలాచోట్ల సేఫ్ మోడ్‌లోకి పోయే చెడ్డ ఫైలు ఒక్కటి తీసేశారు.

పాటలు ఇప్పుడు పెన్‌డ్రైవ్‌లో కూడా ఉన్నాయి. అది నా ట్రంకుపెట్టెలో ఉంది.