ఈ-మెయిలు నకళ్ళు – ఆడిటు అవసరములు

కార్యాలయమునుండి ఉత్తరము వెలువడునప్పుడు రెండు పనులు జరుగుట మనమెరిగినదే. కార్బను నకలు ఫైలులో చేరును; ఎవరికి, ఏ తేదీన పోయినదో ఔట్‌వర్డు రిజిస్టరున నమోదగును. ఆడిటరు ఈ రెండింటినీ అడుగును. ఉత్తరము ఈ-మెయిలుగా మారినను ఆ ప్రశ్నలు మారలేదు. మన సమాచార సాంకేతిక చట్టము (2000) 7వ సెక్షను ప్రకారము, భద్రపరచిన ఎలక్ట్రానిక్ రికార్డు మరల చూచుకొనుటకు వీలుగా ఉండవలెను. అది ఎక్కడనుండి ఎక్కడికి, ఏ తేదీన, ఏ వేళకు పోయినదో తెలియవలెను. 2008 సవరణతో చేరిన 7ఏ సెక్షను ఆడిటు నియమములను ఎలక్ట్రానిక్ పత్రములకు కూడ వర్తింపజేసినది.

ఉత్తరములను అందుకొని పంచిపెట్టు యంత్రమే మెయిల్ సర్వరు. అందుకై పలుచోట్ల వాడు ప్రోగ్రాము పోస్ట్‌ఫిక్స్. వీట్సె వెనెమా రచించిన ఈ ప్రోగ్రాము 1998లో వెలువడినది. దీనిలో నకలు తీయించుట ఒక్క పంక్తి పని. ప్రధాన సెట్టింగుల ఫైలులో 'ఆల్వేస్ బీసీసీ' అను పేరునకు ఎదురుగా భాండారపు చిరునామా వ్రాసి, ప్రోగ్రాముచే ఫైలును తిరిగి చదివించినచో, వచ్చు పోవు ఉత్తరములన్నిటికీ ఒక్కొక్క నకలు అక్కడ చేరును. లెక్కల విభాగమునకు మాత్రమే కావలెనన్నచో 'సెండర్ బీసీసీ మ్యాప్స్', 'రెసిపియెంట్ బీసీసీ మ్యాప్స్' అను పట్టికలున్నవి.

పని ఇంతటితో ముగిసినదని చాలమంది తలంతురు. చిక్కు ఇక్కడనే ఉన్నది. ఒక గుమాస్తా ఒక వ్యాపారికి ధరల పట్టిక పంపుచు, అతని పోటీదారునికి బీసీసీగా, అనగా రహస్యముగా, అదే ఉత్తరము పంపినాడనుకొందము. భాండారములోని నకలులో మొదటి వ్యాపారి పేరే కనబడును. రెండవ పేరు ఉత్తరమున లేదు. అది కవరు మీద మాత్రమే ఉన్నది, సర్వరు ఆ కవరును నకలుతో దాచదు. కాని సర్వరు లాగులో ఇద్దరి చిరునామాలును ఒకే క్యూ సంఖ్య క్రింద నమోదై ఉండును. ఆ సంఖ్యయే నకలు శీర్షములోని 'రిసీవ్డ్' పంక్తిలోను ఉండును. రెంటిని కలిపి చదివిననే నిజము బయటపడును. కనుక లాగు మన ఔట్‌వర్డు రిజిస్టరు. దానిని కొద్ది వారములకే చెరిపివేయు అలవాటు చాల సర్వర్లలో ఉన్నది. నకళ్ళున్నంత కాలము అదియు ఉండవలెను. పొట్టి క్యూ సంఖ్యలు కొంత కాలమునకు మరల వచ్చును గావున, 'ఎనేబుల్ లాంగ్ క్యూ ఐడీస్' అను సెట్టింగు తెరచుట మేలు.

మరియొక చిక్కు పరిమాణమునకు సంబంధించినది. మామూలు సెట్టింగు ప్రకారము ఒక పెట్టెకు పరిమితి 5,12,00,000 బైట్లు. ఉత్తరములన్నియు ఒకే ఫైలుగా పేర్చు పద్ధతిలో భాండారము త్వరలోనే నిండును. నిండినపిదప నకలు తిరుగుటపాలో అసలు పంపినవానికే చేరును. భాండారమున్న సంగతి ఊరందరికీ తెలిసిపోవును! ఉత్తరమున కొక్క ఫైలు చొప్పున దాచు మెయిల్‌డిర్ పద్ధతి ఈ బాధను తప్పించును.

సర్వరు నడుపువానికే భాండారమున చెరపు అధికారమిచ్చుట తగదని మా అభిప్రాయము. నకళ్ళు వేరొక యంత్రమున ఉంచి, తాళము కార్యాలయ పర్యవేక్షకుని చేతనుండవలెను. ఉత్తరములు దాచబడుచున్నవని సిబ్బందికి ముందే వ్రాతమూలకముగా తెలుపవలెను.