ఈత మరచిపోతారా?

వేసవి సెలవులు వచ్చాయి. బావికి పోతామని పిల్లలు గోల చేస్తారు. "నిరుడే ఈత నేర్చుకున్నాం కదమ్మా!" అంటారు. నిజమే. కాని ఏడాదిగా నీళ్ళలో దిగలేదు. ఈత గుర్తుంటుందా?

సైకిలు తొక్కడం చూడండి. ఒకసారి వచ్చాక పోదు. ఈత కూడా అంతే. కాళ్ళూ చేతులూ ఆడించే తీరు ఒంటికి గుర్తుంటుంది. దమ్ము మాత్రం తగ్గుతుంది. నిరుడు బావిలో మూడు చుట్లు కొట్టిన పిల్లవాడు ఇప్పుడు ఒక చుట్టుకే అలసిపోవచ్చు. ధైర్యం మాత్రం నిరుటిదే! భయమంతా అక్కడే.

సొరకాయ బుర్ర కట్టుకుని నాలుగు రోజులు దిగిన పిల్లల సంగతి వేరు. వాళ్ళకు ఈత ఇంకా పూర్తిగా రాలేదు. అందుకే త్వరగా మరచిపోతారు. మళ్ళీ బుర్ర కట్టాల్సిందే.

బావి కూడా నిరుటిలా ఉండదు. వానలు తగ్గితే నీళ్ళు అడుగంటుతాయి. నీటి కిందనే రాళ్ళు ఉంటాయి. గట్టు మీద నుంచి దూకితే తల పగులుతుంది.

మొదటి రోజు చెరువులో నడుము లోతుకే దించండి. ఈత వచ్చిన పెద్దవాళ్ళు పక్కనే ఉండాలి. మునిగే పిల్లలు చాలాసార్లు అరవలేరు. చప్పుడు లేకుండా మునిగిపోతారు. కబుర్లలో పడి కన్ను తిప్పకండి.

2021లో ప్రపంచంలో సుమారు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారు. దాదాపు సగం మంది 30 ఏళ్ళ లోపువారే.

మనలో చాలామందికి ఈత రాదు. బిడ్డ మునుగుతుంటే మనసు ఆగదు. అయినా దూకకండి. కేక వేయండి. చేంతాడో, చీరో విసరండి.

చర్చించండి: మీ ఊరి బావిలో ఇప్పుడు నీళ్ళెంత? గట్టు మీద తాడు ఉందా?