పరదేశాన్ని పిల్లలకు పరిచయం చేసే పద్ధతి



మూడు, నాలుగు తరగతుల పిల్లల చేత ఒక విదేశపు సంస్కృతిని పరిశోధింపజేసి, తల్లిదండ్రుల ఎదుట చెప్పించే బాధ్యత కొత్తగా చేపట్టిన ఉపాధ్యాయిని, దేశాన్ని ఎంచుకోవడానికి ముందే, ఆ దేశం గురించి పిల్లలు ఏమి అడుగుతారో ఆలోచించుకోవాలి. బడులలో సాధారణంగా జరిగేది తెలిసినదే: జెండా, రాజధాని, కరెన్సీ నోటు, ఒక వంటకం, ఒక వేషం నెట్ సెంటరులో ప్రింటు తీయించి చార్టుకు అతికిస్తారు, తల్లి రాసిచ్చిన నాలుగు వాక్యాలను బిడ్డ వల్లె వేస్తుంది, ఆ చార్టు మీద దేశం పేరు చెరిపి మరొకటి రాసినా చెప్పిన బిడ్డకు తేడా తెలియదు. సంస్కృతి అంటే ఒక జనసమూహం తన జీవనోపాధిని, పిల్లల పెంపకాన్ని, పండుగను, దుఃఖాన్ని, పొరుగువారితో వ్యవహారాన్ని నడుపుకొనే తీరు అనుకుంటే, ఎనిమిదేళ్ల వయసుకు అది మొత్తంగా అందేది కాదు. కళ్లెదుట ఉన్న ఒక్క వస్తువు, దానిని గురించి పుట్టిన ఒక్క ప్రశ్న మాత్రం అందుతాయి.

విశాఖపట్నంలో అటువంటి వస్తువులకు కొదవ లేదు. ఆర్కే బీచ్‌లో ఒడ్డున నిలిపిన కురుసుర జలాంతర్గామి సోవియట్ యూనియన్‌లో తయారై, 1969 డిసెంబరు 18న రీగా నగరంలో భారత నౌకాదళంలో చేరి, 2001లో సేవ నుంచి విరమించి, మరుసటి ఏడాది ప్రదర్శనశాలగా మారింది. ఆ ఇరుకు దారిలో వంగి నడిచి వచ్చిన బిడ్డ అట్లాసులో రీగాను వెతికితే అది రష్యాలో కనబడదు, లాట్వియా రాజధానిగా కనబడుతుంది. సోవియట్ యూనియన్ అంటే 15 గణతంత్రాలు ఒకే రాజ్యంగా ఉండి 1991లో విడిపోయిన దేశమని చెప్పవలసిన సందర్భం అప్పుడు దానంతట అదే వస్తుంది. విశాఖ ఉక్కు కర్మాగారం చరిత్రలోనూ ఇదే చిక్కుంది: 1979లో సోవియట్ ప్రభుత్వంతో ఒప్పందం కుదిరింది, కర్మాగారాన్ని జాతికి అంకితం చేసింది 1992 ఆగస్టులో, ఆ నాటికి ఒప్పందం మీద సంతకం చేసిన రాజ్యం పటం మీద లేదు. పిల్లలు రెండు పటాలు, ఒకటి నాటిది, ఒకటి నేటిది, పక్కపక్కన గీస్తే చాలు. దేశమూ జెండా ఎన్నటికీ మారనివన్న భ్రమ తొలగుతుంది.

తరువాతి మెట్టు ఆధారాలను వేరు చేయడం. ఒక సంగతిని స్వయంగా చూసినవారి మాటగాని, ఆ కాలపు వస్తువుగాని ప్రాథమిక ఆధారం; దాని మీద ఇతరులు రాసినది ద్వితీయ ఆధారం. గాజువాక, ఉక్కునగరం ప్రాంతాలలో ఆ కర్మాగారం నుంచి రిటైరైన ఉద్యోగులు తాతలుగా ఇళ్లలోనే ఉన్నారు కనుక, సోవియట్ ఇంజనీర్లతో కలిసి పనిచేసినవారు ఎవరైనా దొరికితే, ఆ ఇంజనీర్లు ఏమి తినేవారు, ఇక్కడి మే నెల ఎండను ఎలా ఓర్చుకునేవారు, మాట కలవడానికి మధ్యలో దుబాసీగా ఎవరు నిలిచేవారు అని పిల్లలే అడిగి, జవాబును తాతగారి మాటల్లోనే రాసుకోవాలి. అయితే ఒక మనిషి జ్ఞాపకం ఒక దేశం కాదు గనుక, మరొకరినీ అడిగి పోల్చుకోవడం అవసరం. మాస్కోలోని ప్రగతి, రాదుగ ప్రచురణాలయాలు తెలుగులోనే అచ్చువేసి పంపగా విశాలాంధ్ర పుస్తక దుకాణాలలో అమ్ముడైన పిల్లల పుస్తకాలు పాత బీరువాలలో ఉంటే, అవి కూడా పనికివస్తాయి. ‘అతడు–ఆమె’ నవలాకారుడు ఉప్పల లక్ష్మణరావు వంటివారు మాస్కోలో ఉండి ఆ అనువాదాలు చేశారు. అయితే ఆ పుస్తకాలు ఒక ప్రభుత్వం తన దేశాన్ని ఎలా చూపించదలచుకున్నదో తెలిపేవి కూడా అన్న సంగతి ఉపాధ్యాయిని మరువరాదు. పిల్లలకు అంత చెప్పనక్కరలేదు.

తరగతిని జట్లుగా విడదీస్తే, జపానును ఎంచుకున్న జట్టు అరకు రైలుతో మొదలుపెట్టవచ్చు. బొర్రా గుహలకు విహారయాత్రగా వెళ్లే ఆ కొత్తవలస–కిరండూల్ మార్గం, బైలదిలా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవు ద్వారా జపానుకు పంపడానికి 1960వ దశకంలో వేసినది. అంతకు సుమారు పాతికేళ్ల ముందు, 1942 ఏప్రిల్ 6న, ఇదే నగరం మీద జపాను విమానాలు బాంబులు వేశాయి. ఈ రెండింటిలో ఒకదానిని దాచి రెండోది చెప్పడం అన్యాయమే. ఆపైన పిల్లల కుతూహలం సహజంగా తమ ఈడు పిల్లల మీదికి మళ్లుతుంది: జపాను బడులలో విద్యార్థులే తరగతి గదిని శుభ్రం చేస్తారని, మధ్యాహ్న భోజనాన్ని వంతులవారీగా తోటివారికి వడ్డిస్తారని తెలిసినప్పుడు, తమ బడి భోజనంతో పోల్చి చూస్తారు. ఎవరిది గొప్ప అనే తీర్పు వైపు ఆ పోలిక జారకుండా చూడటమే పెద్దల పని.

వేషధారణ విషయంలో కొంత కఠినంగా ఉండటం మంచిది. చున్నీతో కిమోనో కట్టించడంలో తప్పు లేదు గాని, నేటి జపానులో దానిని ఎక్కువగా వేడుకలకే ధరిస్తారని ఆ బిడ్డే చెప్పగలగాలి. లేకపోతే అది మూసభావన, అంటే ఒక సమూహంలోని అందరినీ ఒకే అచ్చులో పోసి చూసే అలవాటు అవుతుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో విదేశీ విద్యార్థులు చదువుకుంటున్న ఊరు ఇది. తాము చెబుతున్న దేశస్థుడు ఒకడు ముందు వరుసలో కూర్చున్నాడనుకొని ప్రతి వాక్యాన్నీ సరిచూసుకుంటే సగం పొరపాట్లు రావు.

కంఠస్థం చేయించిన ప్రసంగం కన్నా, అరచేతిలో పట్టే కార్డు మీద నాలుగైదు మాటలు రాసుకొని చెప్పించడం మేలు. ప్రతి బిడ్డా తాను చెప్పిన సంగతి ఎవరి వల్ల, ఏ పుస్తకం వల్ల తెలిసిందో కూడా చెప్పాలి. ప్రశ్నకు జవాబు రాకపోతే వెతికి చెబుతామనడానికి మార్కులు తగ్గించకూడదు. తల్లిదండ్రులు కత్తెర పట్టవచ్చు, కలం పట్టరాదు అని ముందే తెలియజేయడం అవసరం. ఈ నియమం కొందరికి కష్టం కలిగించక మానదు. చార్టు పక్కనే పిల్లల రఫ్ నోటుబుక్కులను, కొట్టివేతలతో సహా, బల్ల మీద ఉంచి మార్కులలో సగం వాటికే కేటాయిస్తే, అందంగా ప్రింటు తీయించలేని ఇళ్ల పిల్లలు వెనుకబడరు.