మాచిపత్రి కాదు, వయ్యారిభామ

వానలు మొదలైన కొద్ది వారాలకే బెంగళూరు, పుణె వంటి నగరాలలో ఖాళీ స్థలాలు తెల్లని చిరుపూలతో నిండిపోతాయి. తెలుగువారు వయ్యారిభామ అని, కన్నడిగులు కాంగ్రెస్ గిడ అని, మరాఠీలు గాజర్ గవత్ అని పిలిచే పార్థీనియం అది. పేరులోని వయ్యారం గుణంలో లేదు. ఉష్ణమండల అమెరికా దాని పుట్టినిల్లు. 1955లో పుణెలో గమనించిన తరువాతనే అది మన దేశంలో కలుపుగా పేరుకెక్కింది. దిగుమతి గోధుమలతో దాని విత్తనాలు వచ్చాయని ప్రతీతి.

లేత మొక్క ఆకులు నేలను అంటిపెట్టుకొని చుట్టూ పరచుకుంటాయి. క్యారెట్ ఆకుల వలె లోతుగా చీలి ఉంటాయి. ఎదిగిన కాండంపై నిలువు గాళ్లు, సన్నని నూగు కనిపిస్తాయి. కొమ్మల చివర మిరియపు గింజంత తెల్లని పూలు గుత్తులుగా పూస్తాయి.

వినాయక చవితికి పత్రి సేకరించేవారు ఇక్కడే పొరబడే అవకాశం ఉంది. మాచిపత్రి ఆకు కూడా చీలికలతోనే ఉంటుంది. నలిపి వాసన చూడడం తగిన పరీక్ష కాదు. మొక్క వయ్యారిభామ అయితే రసం చేతికి అంటుతుంది. ఆకును పుల్లతో తిప్పి చూడాలి. మాచిపత్రి ఆకు అడుగుభాగం నూగుతో తెల్లగా ఉంటుంది. తెల్లపూల గుత్తి ఉన్న మొక్కను విడిచిపెట్టడమే మేలు.

ఈ మొక్కలోని పార్థెనిన్ అనే పదార్థం చర్మానికి పడదు. మొదటిసారి తాకినప్పుడు ఏమీ కాకపోవచ్చు. అంతమాత్రాన శరీరానికి అది సరిపడిందని అనుకోరాదు. పలుమార్లు తగిలిన మీదట కనురెప్పలు, మెడ, మోచేతి మడతలలో దురద, ఎరుపు, పొక్కులు మొదలవుతాయి. ఒకసారి ఒంటికి పట్టిన ఈ అలర్జీ ఏళ్ల తరబడి వదలకపోవచ్చు. కొందరికి చామంతి తాకినా పొక్కులు లేస్తాయి. పుప్పొడి వల్ల తుమ్ములు, ఉబ్బసం కూడా కలుగుతాయి. దురద తగ్గకపోతే చర్మవైద్యుని చూడాలి. ఊపిరి ఆడకపోతే క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్లాలి.

పూతకు ముందే, నేల తడిగా ఉన్నప్పుడు, చేతి తొడుగులు, నిండు చేతుల చొక్కా ధరించి వేళ్లతో సహా పెరకాలి. ఒక్క మొక్క వేల విత్తనాలను రాలుస్తుంది గనుక పూసినదానిని ఎరువు గుంతలో వేయరాదు. అలర్జీ ఉన్నవారు ఈ పనికి దూరంగా ఉండాలి.

ఆకులపై మీగడ రంగు రెక్కలు, ముదురు చారలు గల చిన్న పెంకుపురుగులు కనిపిస్తే వాటిని చంపరాదు. ఈ కలుపును తినేందుకే మెక్సికో నుండి తెప్పించి, 1984లో బెంగళూరులో వదిలిన పురుగుల సంతతి అవి.