స్పెసిఫికేషన్లలో కనిపించని ఫీచర్: యూఎక్స్‌ను మీరే ఇలా పరీక్షించండి

కొత్త ఫోన్ వచ్చిందంటే మనం ముందు ప్రాసెసర్, ర్యామ్, కెమెరా చూస్తాం. కానీ రోజూ విసిగించేవి వేరే ఉంటాయి. బటన్ వేలికి అందదు, బ్యాక్ నొక్కితే నింపిన ఫామ్ మొత్తం పోతుంది. ఇవన్నీ యూజర్ ఎక్స్‌పీరియన్స్, అంటే యూఎక్స్ కిందికి వస్తాయి. రంగులు, ఐకాన్లు అందులో ఒక భాగమే. అనుకున్న పని తికమక లేకుండా పూర్తవుతుందా లేదా అన్నదే అసలు విషయం. డబ్బు కూడా ఫోన్‌లోనే పంపుతున్నాం కాబట్టి, డిజైన్ బాగోకపోతే జేబుకే చిల్లు!

నేను ఏ యాప్‌నైనా మూడు రకాలుగా పరీక్షిస్తాను. మీరూ చేసి చూడండి.

1. బొటనవేలి పరీక్ష
ఫోన్‌ను ఒంటి చేత్తో పట్టుకుని ముఖ్యమైన బటన్లన్నీ నొక్కండి. బటన్ ఎంత చిన్నగా, ఎంత దూరంగా ఉంటే దాన్ని చేరడానికి అంత ఎక్కువ సమయం పడుతుంది. మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ ఫిట్స్ 1954లో చెప్పిన సూత్రం సారాంశం ఇదే. అందుకే టచ్ చేసే చోటు కనీసం 48 డీపీ, అంటే దాదాపు 9 మిల్లీమీటర్లు ఉండాలని ఆండ్రాయిడ్ డెవలపర్లకు గూగుల్ సూచిస్తోంది. 2021లో ఐఓఎస్ 15తో ఐఫోన్ సఫారీలో అడ్రస్ బార్ కూడా కిందికి, బొటనవేలికి దగ్గరగా వచ్చింది.

2. తెలుగు పరీక్ష
సెట్టింగ్స్‌లో భాష తెలుగుకి మార్చి, ఫాంట్ సైజు బాగా పెంచండి. మన అక్షరాలకు పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి కదా! ఇంగ్లిష్‌ కొలతతో పెట్టిన లైన్ ఎత్తు చాలక "స్త్రీ" లాంటి అక్షరం పైనో కిందో తెగిపోతుంది. చిన్న బటన్‌లో "కొనసాగించు" కాస్తా "కొనసా..." అయిపోతుంది. పేమెంట్ స్క్రీన్‌లో ఇలా జరిగితే దేన్ని నొక్కాలో ఎలా తెలుస్తుంది?

3. బయటపడే పరీక్ష
సబ్‌స్క్రిప్షన్ తీసుకోవడానికి ఎన్ని ట్యాప్‌లు, రద్దు చేయడానికి ఎన్ని ట్యాప్‌లు? లెక్కపెట్టండి. చేరడం తేలికై, రద్దు చేసే దారి కావాలనే దాచేస్తే అది డార్క్ ప్యాటర్న్ అన్నమాట. 2023 నవంబర్ 30న మన దేశంలో వచ్చిన మార్గదర్శకాలు ఇలాంటివి 13 రకాలను పేర్కొన్నాయి. సబ్‌స్క్రిప్షన్ ట్రాప్ వాటిలో ఒకటి.

ర్యామ్ తక్కువైతే ఫోన్ నెమ్మదిస్తుంది, అంతే. డిజైన్ బాగోకపోతే అమ్మమ్మ ఫోన్ మన చేతికిచ్చి "నాకు రాదురా, నువ్వే పంపు" అంటుంది. అది ఆమెకు రాకపోవడం కాదు, ఆ యాప్‌కు ఆమెతో మాట్లాడటం రాకపోవడం. ఈసారి రివ్యూ చదివేటప్పుడు బెంచ్‌మార్క్ స్కోర్‌తో పాటు దీని గురించి కూడా అడగండి.